కొసరు కార్డు – అసలు లెక్క

తెలుగునాట సంతకు పోయి కూరగాయలు కొన్నవారెవరును కొసరడుగక కదలరు. తూకము ముగిసిన పిదప అమ్మువాడు నాలుగు పచ్చిమిరపకాయలో, కరివేపాకు రెబ్బయో సంచిలో వేయును. ఆ కొసరుకు వెల లేదు. నేడు పెద్ద సూపర్ మార్కెట్లు బ్యాంకులతో కలసి ఇచ్చుచున్న క్రెడిట్ కార్డులలోని రివార్డు పాయింట్లు కూడ ఇట్టి కొసరువలెనే కన్పట్టును. కాని ఈ కొసరుకు వెల కలదు. అదెంతయో విద్యార్థులకు లెక్కవేసి చూపుటయే ఈ వ్యాసమునందు మా ఉద్దేశము.

క్రెడిట్ కార్డు మనకు క్రొత్తది కాదు. 1923లో మచిలీపట్టణమున స్థాపింపబడి, 2020లో యూనియన్ బ్యాంకునందు విలీనమైన ఆంధ్రా బ్యాంకు 1981లోనే కార్డులను ప్రవేశపెట్టినది. అప్పుడు అరుదైన ఆ వస్తువు నేడు సరకుల దుకాణము వరకు వచ్చినది. 2023లో రిలయన్స్ రిటైల్, ఎస్.బి.ఐ. కార్డ్ సంస్థలు కలసి తెచ్చిన కార్డు ఇట్టిదే. ఈ ఏర్పాటువలన దుకాణమునకు కొనుగోలుదారుడు మరల మరల వచ్చుట లాభము. బ్యాంకుకు రుసుము, వడ్డీ లాభము. మనకేమి లాభమన్నది మన నడవడిని బట్టి యుండును.

మొదట వార్షిక రుసుమును చూతము. ఒక కార్డుకు ఏటా 499 రూపాయల రుసుమనుకొందము. దానిపై 18 శాతము జి.ఎస్.టి. చేరగా సుమారు 589 రూపాయలగును. ప్రతి నూరు రూపాయల కొనుగోలుకు రెండు పాయింట్లు, పాయింటు విలువ పావలా అనుకొన్నచో, నూటికి దక్కునది అర్ధరూపాయి మాత్రమే. నెలకు 6,000 రూపాయల సరకులు కొను కుటుంబమునకు ఏడాదికి వచ్చు కొసరు 360 రూపాయలు; పోవునది 589. రుసుమును రాబట్టుకొనుటకే నెలకు 9,800 రూపాయలకు పైగా కొనవలెను. ఏటా ఇంత మొత్తము వాడినచో రుసుము మాఫీ యని కొన్ని కార్డులకు నియమము కలదు. కాని మాఫీ కొరకు అక్కరలేని వస్తువులు కొనుట, గొడుగు దొరకునని వానలో తడియుట వంటిది.

ఇక వడ్డీ మాట. ఇది మా అనుభవము. కొన్నేండ్ల క్రిందట ఒక దుకాణమున కానుక కూపనుకు ఆశపడి మేమును ఇట్టి కార్డు తీసికొంటిమి. పండుగ నెలలో బిల్లు పదివేలయినది. ‘కనీస చెల్లింపు 500’ అని బిల్లుపై అచ్చువేసి యుండగా, అంతమాత్రము కట్టి నిశ్చింతగా ఉంటిమి. నెలకు మూడున్నర శాతము వడ్డీ. మిగిలిన 9,500 రూపాయలపై ఒక్క నెలకు 332 రూపాయల 50 పైసలు. దానిపై పన్ను కలుపగా 392 రూపాయలు దాటినది. పైగా వడ్డీని గడువు తేదీ నుండి కాక కొన్న దినము నుండియే కట్టుదురు గనుక అసలు బిల్లు ఇంకను పెరిగినది. ఆ పదివేలకు మాకు వచ్చిన పాయింట్ల విలువ 50 రూపాయలు! ఎం.ఏ. చదివిన మేమే ఈ చిన్న లెక్క వేసికొనకపోతిమే యని సిగ్గుపడితిమి.

నెలకు మూడున్నర యన్నది చిన్నదిగా విన్పించును; ఏడాదికది 42 శాతము. పాత బాకీ మిగిలియుండగా క్రొత్త కొనుగోళ్లకు వడ్డీలేని గడువు సాధారణముగా వర్తింపదు. కార్డుతో నగదు తీసినచో మొదటి దినము నుండియే వడ్డీ, దానికితోడు రుసుము. పెట్రోలు, ఇంటి అద్దె వంటివానికి పాయింట్లు చాల కార్డులలో రావు. వచ్చినవియు కొంత కాలమునకు చెల్లకుండ పోవచ్చును.

మన రక్షణకు నియమములును కలవు. గడువు మీరి మూడు దినములు దాటిననే ఆలస్య రుసుము వేయవలెనని రిజర్వు బ్యాంకు 2022లో నిర్దేశించినది. బాకీ తీర్చి కార్డు మూయుమని కోరినచో ఏడు పనిదినములలో మూయవలెను. లేనియెడల దినమునకు 500 రూపాయలు బ్యాంకే మనకు చెల్లించవలెను. అయితే వడ్డీ విషయమున ఇట్టి అండ లేదు. 30 శాతమునకు మించిన వడ్డీ అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టివేసినది.

కావున కార్డు చెడ్డదని మేమనుట లేదు. నెలనెలా పూర్తి బిల్లును గడువులోగా కట్టువారికి కొన్న దినమును బట్టి దాదాపు నలుబదియైదు దినముల వరకు వడ్డీలేని వెసులుబాటు, కొంత కొసరు దక్కును. వడ్డీకి దూరముగా ఉండవలెనని యెంచువారికి ఇదియొక్కటే మార్గము. అట్లు కట్టలేమని తోచినచో కార్డు తీసికొనకుండుటయే మేలు.

మా చిన్ననాట కిరాణా కొట్టులో ‘ఆజ్ నగద్, కల్ ఉధార్’ అని ఉర్దూలో, ‘అప్పు రేపు’ అని తెలుగులో పలక వ్రేలాడుచుండెడిది. నేటి దుకాణము ‘అప్పు నేడే’ యని నవ్వుచు పిలుచుచున్నది. రేపు తొలి జీతమందుకొను మన విద్యార్థులు ఆ పిలుపు విన్నప్పుడు కాగితము, కలము తీసి లెక్క వేయుదురుగాక. మేము బాకీ తీర్చి కార్డు మూయించితిమి. సంతలో కొసరు మాత్రము ఇప్పటికిని అడుగుచునే యున్నాము.