రెక్కలు ముడిచిన సంస్థలు, రెక్కలు నమ్ముకొన్న మనుషులు

2019 ఏప్రిల్ 11వ తేదీన నిజామాబాదు లోక్‌సభ స్థానమునకు పోలింగు జరిగినప్పుడు బరిలో నిలిచిన 185 మంది అభ్యర్థులలో 178 మంది రైతులే. పసుపునకును ఎఱ్ఱజొన్నకును గిట్టుబాటు ధర కావలెననియు, పసుపు బోర్డు రావలెననియు కోరుచు వారు నామినేషన్లు వేసిరి. ఆ తరువాత వారము తిరుగకముందే, ఏప్రిల్ 17వ తేదీ రాత్రి, జెట్ ఎయిర్‌వేస్ తన చివరి విమానమును అమృత్‌సర్ నుండి ముంబయికి నడిపి, సుమారు 20,000 మంది సిబ్బందికి జీతములు బాకీపడియే మూతపడెను. ఈ రెండు వార్తలకు పొత్తేమి యని నిజామాబాదు జిల్లా ముప్కాల్ ప్రాంతమువా రడుగరు. పెద్ద రహదారి ప్రక్కనున్న ఈ ఊరిలోను, చుట్టుపట్ల బాల్కొండ, ఆర్మూరు పల్లెలలోను ఒకే కుటుంబమున ఒకరు పసుపు పండించుచుండగా మరియొకరు దుబాయిలోనో మస్కట్‌లోనో శంషాబాదు విమానాశ్రయములోనో కొలువు చేయుట సాధారణము. ధర పడిపోయిన యేడు జీతము కాపాడును, జీతము ఆగిన యేడు చేను కాపాడునని వారి నమ్మకము. రెండును ఒకే నెలలో చేయివిడిచినచో విమానరంగమున పనిచేయు బిడ్డకు మిగులు దారి యేది? ఆ దారిని కొలువు నిలిచియుండగానే వెదకి పెట్టుకొనవలె నని నా దృఢమైన అభిప్రాయము.

విమాన సంస్థలు మూతపడుట మన తెలుగువారికి దూరపు ముచ్చట కాదు. నిజాం సంస్థాన రైల్వేయు టాటాలును కలిసి 1945లో నెలకొల్పిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట కేంద్రముగా డకోటా విమానములను నడిపెడిది. 1953లో పార్లమెంటు చట్టము చేసి దానిని మరి యేడు సంస్థలతోపాటు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో లీనము గావించినప్పుడు, పాత సంస్థల ఉద్యోగులు క్రొత్త కార్పొరేషను ఉద్యోగులగుటకు ఆ చట్టమునందే ఏర్పాటు చేయబడినది. పేరు మారినది, పని నిలిచినది. 1994లో ఆ చట్టము రద్దై ఆకాశమార్గములు ప్రైవేటు సంస్థలకు తెరువబడిన పిమ్మట అట్టి అభయము లేకపోయెను. విజయవాడ కేంద్రముగా 2013 అక్టోబరులో ఎగురనారంభించిన ఎయిర్ కోస్టా 2017 ఫిబ్రవరి చివరి దినమున ఆగిపోయినది. హైదరాబాదు కేంద్రముగా 2015 జూలైలో మొదలై కడప వంటి పట్టణములకు విమానయోగము కల్పించిన ట్రూజెట్ 2022 ఫిబ్రవరిలో నిలిచిపోయినది. కింగ్‌ఫిషర్ 2012లోను, గో ఫస్ట్ 2023 మే నెలలోను అదే దారి పట్టినవి.

ఇచ్చట సామాన్య పాఠకుడు గ్రహింపదగిన సూక్ష్మ మొకటి కలదు. ఎయిర్ కోస్టా నడిపినవి ఎంబ్రాయర్ జెట్లు. ట్రూజెట్ నడిపినవి ఏటీఆర్ విమానములు. లారీ నడుపనేర్చినవానికి ఏ కంపెనీ లారీయైన నొకటే కావచ్చును గాని, పైలటు విషయ మట్లు గాదు. లైసెన్సు ఉన్నంత మాత్రమున చాలదు, ఏ రకపు విమానమును నడుపునో ఆ రకమునకు ప్రత్యేకముగా శిక్షణ పొంది, టైప్ రేటింగ్ అను అర్హతను లైసెన్సుపై వ్రాయించుకొనవలెను. ఎయిర్ కోస్టా ఆగిన నాడు ఆ రకపు ఎంబ్రాయర్ జెట్లతో ప్రయాణికుల సర్వీసులు నడుపు మరియొక సంస్థ దేశమున లేదు. కావున అందలి పైలటు ఎంతటి నిపుణుడైనను, ఎయిర్‌బస్సో బోయింగో మఱల నేర్చుకొనుటకు లక్షలు వెచ్చింపవలసిన వాడయ్యెను. ఏటీఆర్ నడిపినవారికి మాత్రము తట్టుటకు తలుపులైన నుండెను; అలయన్స్ ఎయిర్ ఆ విమానములనే నడుపుచున్నది, ఇండిగో 2017 డిసెంబరులో హైదరాబాదు నుండియే ఏటీఆర్ సర్వీసులు మొదలుపెట్టినది. ఒకే కాలమున, ఒకే జాతి సంస్థలలో పనిచేసిన ఇద్దరి భవితవ్యము వారు నడిపిన యంత్రమును బట్టి మారిపోయినది. భూమి కుదువబెట్టి బిడ్డను పైలటు చేయదలచిన తండ్రి శిక్షణాలయపు భవనములను చూచి మురియుటకు ముందు, బిడ్డ నేర్చుకొనబోవు విమానరకమును దేశమున ఎన్ని సంస్థలు నడుపుచున్నవో విచారించుట మేలు. ఇంకొక చిక్కు గూడ కలదు: గడచిన 90 దినములలో కనీసము మూడుమారులు విమానమును ఎగురవేసి దించిన అనుభవము లేనిచో పైలటు తిన్నగా ప్రయాణికులను ఎక్కించుకొని పోరాదు. కొలువు పోయి ఇంట కూర్చున్న ప్రతి నెలయు అర్హత చేజారు నెలయే యగును.

మరమ్మతు ఇంజనీర్ల స్థితి కొంత నయము, ఐనను అందొక మెలిక యున్నది. పౌరవిమానయాన నియంత్రణ సంస్థయైన డీజీసీఏ ఇచ్చు లైసెన్సు కొఱకు గాని, దానిపై క్రొత్త విమానరకమును చేర్పించుకొనుట కొఱకు గాని, పనిచేసిన అనుభవమును చిట్టాపుస్తకమున చూపవలెను. ఏ తేదీన, ఏ నంబరు విమానముపై, ఏ పని చేసినదియు వరుసగా వ్రాసి, అధికారముగల ఇంజనీరుచేత సంతకము చేయించుకొనవలెను. "తరువాత చూతములే" యని ఆరునెలల సంతకములు బాకీపెట్టుకొన్న కుఱ్ఱవాడు, ఒకనాటి ఉదయమున హ్యాంగరు తలుపునకు తాళము చూచినప్పుడు, సంతకము చేయవలసిన పెద్దలు నలుదిక్కులకు చెదరిపోయి యుందురు. వాని చెమట యంతయు లెక్కకు రాని చెమట యగును. ప్రతి నెలాఖరునను ఆ పుస్తకమును పూర్తిచేయించుకొనువాడు మాత్రము శంషాబాదులోని జీఎంఆర్ ఏరో టెక్నిక్ వంటి మరమ్మతుశాలలకో, ఆదిబట్లలో విమానభాగములు తయారుచేయు కర్మాగారములకో ధైర్యముగా పోవచ్చును. పసుపు రైతు పంటనంతటిని ఉడికింపక మేలైన కొమ్ములను విత్తనమునకై తీసి నీడపట్టున దాచునట్లు, ఈ సంతకముల పుస్తకమును దాచుకొనవలసి యుండును.

విమానములలో సేవచేయు యువతీయువకులను గూర్చి లోకమున ఒక చులకన భావ మున్నది. చిఱునవ్వుతో కాఫీ యందించుటయే వారి పని యని పలువురు తలతురు. అగ్నిప్రమాదమును ఎదుర్కొనుట, గుండె ఆగినవానికి ప్రథమచికిత్స చేయుట, భయపడిన జనసమూహమును క్షణములలో వెలుపలికి నడిపించుట వారి శిక్షణలో ప్రధానభాగములు. 2020లో మహమ్మారి వలన విమానములు నేలపై నిలిచిపోయినప్పుడు, స్వీడను రాజధాని స్టాక్‌హోమ్‌లోని సోఫియాహెమెట్ విశ్వవిద్యాలయము ఎస్ఏఎస్ విమాన సంస్థ క్యాబిన్ సిబ్బందికి కొలది దినముల శిక్షణ యిచ్చి ఆసుపత్రులలో సహాయకులుగా పంపినది. మన హైదరాబాదు ఆసుపత్రులలో అట్టివారిని స్వాగతించు ఏర్పాటు విరివిగా రావలె నని నా కోరిక.

నేలపై పనిచేయు సిబ్బందికి, అనగా టిక్కెట్ల కౌంటరునను సరకుల గోదామునను నిలుచువారికి, చేతి కాగితములు తక్కువ. ఐనను ప్రమాదకర వస్తువుల రవాణాకు సంబంధించిన శిక్షణపత్రము రెండేండ్లపాటు చెల్లును. సరకుల రవాణా కంపెనీలు దానికి విలువ యిచ్చును. సరకుల పత్రములు, కస్టమ్సు నియమములు ఎఱిగినవానికి ముప్కాల్ ప్రాంతమున సొంత ఊరిలోనే ఒక దారి కనబడుచున్నది. మన పసుపులో అధికభాగము ముడిసరకుగానే వ్యాపారుల చేతికి పోవుచున్నది. స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషను, ఆరోగ్య ధ్రువపత్రము, ఓడరేవునకు పంపు పత్రములు తెలిసిన యువకుడు ఊరి రైతులకు ఎంతయో ఉపకరింపగలడు. 2025 జనవరిలో నిజామాబాదున జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైన పిమ్మట ఈ మాట అడియాస గాదని చెప్పుటకు వీలైనది.

కాని కొలువు పోయినంతనే చేను తిండి పెట్టు నను మాటను నేను పూర్తిగా ఒప్పుకొనజాలను. ఏప్రిల్‌లో ఇల్లు చేరినవాడు జూనులో పసుపు నాటినచో త్రవ్వకము జనవరి, ఫిబ్రవరులలో గాని రాదు. త్రవ్విన దుంపను బాయిలరులో ఉడికించి, రెండువారములపాటు కల్లమున ఎండబెట్టి, రాత్రివేళ టార్పాలిన్లు కప్పి, డ్రమ్ములో తిప్పి మెఱుగుపెట్టి, కాడిని (కొమ్మును) గోళను (గుండ్రని దుంపను) వేరుచేసి నిజామాబాదు మార్కెట్టుకు తోలువఱకు చేతికి పైసా రాదు. పది నెలల ఇంటిఖర్చు ముందుగానే కూడబెట్టియున్నవానికే ఆ చేను నీడయగును.

గల్ఫులోని విమానాశ్రయములలో సామాను మోయుచు, శుభ్రపరచుచు జీవించువారి స్థితి వేరు. వారి వీసా యజమానిని అంటిపెట్టుకొని యుండును గనుక, కొలువు పోయిన కొలది కాలములోనే దేశమును విడువవలసివచ్చును. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఏడాది నిండిన ఉద్యోగికి, మొదటి అయిదేండ్ల సేవకు, ఏడాదికి 21 దినముల మూలవేతనము చొప్పున సేవాంత భత్యము రావలెను. 2023 జనవరి నుండి అచ్చట నిరుద్యోగ బీమా తప్పనిసరి. మూలవేతనము 16,000 దిర్హములకు మించనివారు నెలకు 5 దిర్హములు కట్టినచో, పన్నెండు నెలల పిమ్మట, తమ తప్పులేక పని పోయినచో మూలవేతనములో 60 శాతము మూడునెలలు పొందవచ్చును. ఐతే ముప్పది దినములలోగా అర్జీ పెట్టుకొనవలెను.

బాకీల విషయమై జెట్ ఉద్యోగుల పోరాటము గమనింపదగినది. వారి భవిష్యనిధి, గ్రాట్యుటీలను పూర్తిగా చెల్లింపవలె నని 2022 అక్టోబరులో అప్పీలు ట్రిబ్యునలు తీర్పు చెప్పగా, 2023 జనవరిలో సుప్రీంకోర్టు దానిని నిలిపినది. 2024 నవంబరులో అదే న్యాయస్థానము సంస్థ ఆస్తులమ్మి లిక్విడేషను చేయుమని ఆజ్ఞాపించినది. తీర్పు వచ్చుటకును డబ్బు చేతబడుటకును నడుమ ఏండ్లు గడచును. దివాలా ప్రక్రియ మొదలైనప్పుడు జీతపు బాకీని ఉద్యోగి స్వయముగా ఫారం డి నింపి అడుగవలెను. దానికి నియామకపత్రము, జీతపు చీటీలు, భవిష్యనిధి లెక్క జతపరుపవలెను. ఇవి సాధారణముగా కంపెనీ మెయిలునందే యుండును, కంపెనీ మూతపడిన నాడు ఆ మెయిలు గూడ తెరుచుకొనదు. కనుక ప్రతి నెల జీతపు చీటీని అచ్చువేయించి ఇంటి బీరువాలో భూమి పట్టాపుస్తకము ప్రక్కన పెట్టుటయు, నకలొకటి సొంత ఫోనులో దాచుటయు కొలువున నున్న ప్రతివారును నేడే చేయదగిన పని.