తెల్లనివన్నీ పాలు కావు: నోటిలోని ఈస్ట్ జాతిని పట్టి ఇచ్చే పరీక్షలు

తెల్లనివన్నీ పాలు కావంటారు పెద్దలు. నాలుక మీది తెల్లపొర విషయంలోనూ ఈ మాట నిజం. పసిబిడ్డ నాలుకపై విరిగిన పాల తరకల్లాంటి మచ్చలు కనిపిస్తే, పాలు పేరుకున్నాయని తల్లులు ఊరుకుంటారు. చక్కెర వ్యాధి ఉన్న ముసలాయనకు నోరు మండి ముద్ద దిగకపోతే, వేడి చేసిందని మజ్జిగ తాగిస్తారు. అయితే ఇలాంటి పొరకు చాలాసార్లు కారణం కాండిడా అనే ఈస్ట్.

ఇది కల్లును పులియబెట్టే ఈస్ట్‌కు దూరపు చుట్టం. ఆరోగ్యవంతులు ఎందరి నోళ్లలోనో ఏ హానీ చేయకుండా పడి ఉంటుంది. ఒంట్లో సత్తువ తగ్గితే మాత్రం విజృంభిస్తుంది. పసిపిల్లలు, చక్కెర వ్యాధిగ్రస్తులు, ఎయిడ్స్ రోగులు, రాత్రిళ్లు కూడా కట్టుడు పళ్లు తీయనివారు, చాలా రోజులు యాంటీబయాటిక్ మందులు వాడినవారు, ఉబ్బసానికి స్టెరాయిడ్ మందు పీల్చేవారు దీని బారిన పడుతుంటారు.

జాతి ఎందుకు తెలియాలి?

కాండిడాలో జాతులు అనేకం. నోటిలో ఎక్కువగా కనిపించేది ఆల్బికాన్స్. గ్లాబ్రాటా, ట్రాపికాలిస్, క్రూసీ వంటివీ ఉంటాయి. చూపుకు అన్నీ ఒకటే. తేడా అంతా మందు దగ్గరే. ఆల్బికాన్స్ సాధారణంగా ఫ్లూకొనజోల్ బిళ్లలకు లొంగుతుంది. క్రూసీ మీద ఆ మందు పనిచేయదు. గ్లాబ్రాటా కూడా అంత తేలికగా లొంగదు. జాతి తెలియకుండా అదే బిళ్ల మింగుతూ పోతే డబ్బు దండుగ. పైగా బలహీనులకు ఈ రోగం గొంతు దిగి ఆహారనాళానికి పాకి, మింగుడు పడనీయదు.

పరీక్ష ఎలా చేస్తారు?

ముందుగా శుభ్రపరచిన దూదిపుల్లతో మచ్చను తుడిచి తీస్తారు. అందులో కొంత గాజు పలక మీద పూసి, గ్రామ్ రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఊదారంగు కణాలు, వాటి పక్కన పిల్లమొగ్గలు కనిపిస్తే ఈస్ట్ అని తేలుతుంది. కాని ఏ జాతో తెలియదు.

అందుకని మిగిలిన దానిని చక్కెర కలిపిన అగార్ మీద పెంచుతారు. ఫ్రెంచి వైద్యుడు సబురో పేరుతో ఉన్న పద్ధతి ఇది. 37 డిగ్రీల వెచ్చదనంలో ఒకటి రెండు రోజులకు మీగడ రంగు చుక్కలు లేస్తాయి. వాటిలో కొంచెం తీసి, మనిషి రక్తపు సీరంలో కలిపి రెండు మూడు గంటలు ఉంచుతారు. ఆల్బికాన్స్ అయితే నానిన పెసరగింజకు మొలక వచ్చినట్లు సన్నని గొట్టం పుడుతుంది.

ఇందులోనూ ఒక చిక్కుంది. 1995లో ఐర్లండులోని డబ్లిన్ శాస్త్రజ్ఞులు డబ్లినియెన్సిస్ అనే కొత్త జాతిని ప్రకటించారు. దానికీ ఇలాగే మొలక వస్తుంది. అప్పుడు వేడి పెంచి చూస్తారు. 45 డిగ్రీల వద్ద ఆల్బికాన్స్ పెరుగుతుంది, డబ్లినియెన్సిస్ సాధారణంగా పెరగదు.

రంగులు తేల్చే అగార్ కూడా ఉంది. దానిమీద ఆల్బికాన్స్ ఆకుపచ్చగా, ట్రాపికాలిస్ నీలంగా, క్రూసీ గులాబీ రంగులో పెరుగుతాయి. ఒకే నోటిలో రెండు జాతులున్నా ఇట్టే బయటపడతాయి. ఏ ఈస్ట్ ఏ చక్కెరను తింటుందో చూసి చెప్పే పరీక్షలు మరికొన్ని. పెద్ద ఆసుపత్రులలో మాల్డీటాఫ్ అనే యంత్రం, పెంచిన ఈస్ట్‌ను చూసి నిమిషాలలో జాతి చెబుతుంది.

అందరికీ ఇన్ని పరీక్షలు అక్కరలేదు. చాలామందికి డాక్టరు చూసి మందు ఇస్తే సరిపోతుంది. మందు వాడినా తగ్గనివారు, తగ్గి మళ్లీ మళ్లీ వచ్చేవారు మాత్రం జాతి పరీక్ష గురించి డాక్టరును అడగాలి. అంతకుముందు వాడిన మందుల పేర్లు తప్పక చెప్పాలి.

కట్టుడు పళ్లు రాత్రి తీసి కడగాలి. ఉబ్బసం మందు పీల్చాక నోరు పుక్కిలించాలి. ఇక అడ్డపొగ తాగేవారు, గుట్కా నమిలేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. తుడిచినా పోని తెల్లమచ్చ ఈస్ట్ కాకపోవచ్చు. అది క్యాన్సరుకు తొలిమెట్టు కావచ్చు. దానిని ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోవాలి.