కనపడని కిరణాలు – కాగితం లేని కూలీలు

కరువొస్తే పాలమూరు, నల్లగొండ పల్లెల కూలీలు సికింద్రాబాదు చేరతారు. అడ్డా మీద నిలబడి మేస్త్రీ ఎటు రమ్మంటే అటు పోతారు. మౌలాలి, కుషాయిగూడ, చర్లపల్లి ఫ్యాక్టరీల వైపు పోయేవాళ్లూ వాళ్లలో ఉంటారు. ఆ ప్రాంతంలోనే 1971లో అణు ఇంధన కర్మాగారం వెలిసింది. అణు విద్యుత్ కేంద్రాలకు యురేనియం ఇంధనం తయారయ్యేది అక్కడే. "అటు పనికి పోతే కేన్సరు వస్తదంట, నిజమేనా?" అని కూలీలు మమ్మల్ని అడుగుతుంటారు.

పుకార్లతో భయపెట్టడం మా పని కాదు. ఏమీ కాదని జోకొట్టడమూ మా పని కాదు. యురేనియం నుంచి వచ్చే ఆల్ఫా కిరణం చర్మాన్ని దాటలేదు. కానీ ఆ ధూళి పీలిస్తే ఊపిరితిత్తుల్లో చేరి లోపలి కణాలను దెబ్బతీస్తుంది. మూత్రపిండాలకూ అది విషమే. ఎక్స్‌రే, గామా కిరణాలైతే ఒంట్లోంచి దూసుకుపోతాయి. కిరణం తగిలిన ప్రతివాడికీ కేన్సరు రాదు. అయితే డోసు పెరిగిన కొద్దీ ముప్పు పెరుగుతుంది. ఫ్రాన్సు, బ్రిటన్, అమెరికాలలో 3 లక్షల మందికి పైగా అణు కార్మికులను పరిశీలించి 2023లో వెలువరించిన అధ్యయనం ఈ మాటే చెప్పింది.

అందుకే హద్దులు పెట్టారు. ప్రజలకు ఏడాదికి 1 మిల్లీసీవర్టు; కార్మికులకు ఐదేళ్ల సగటున ఏడాదికి 20. అంటే కార్మికుడి ఒంటి మీద ఇరవై రెట్ల బరువు! ఆ బరువును కొలిచేది ఛాతీకి తగిలించే చిన్న బ్యాడ్జి.

చిక్కంతా ఇక్కడే ఉంది. జబ్బు బయటపడడానికి పది, ఇరవై ఏళ్లు పట్టవచ్చు. పర్మినెంటు ఉద్యోగి లెక్క ఫైలులో ఉంటుంది. మూడు నెలలు చేసి నాట్లకు ఊరికి తిరిగిపోయిన కాంట్రాక్టు కూలీ సంగతేమిటి? అప్పటికి మేస్త్రీ ఉండడు, కాంట్రాక్టరు ఉండడు. ధార్మికత వల్ల వచ్చే జబ్బులను నష్టపరిహార చట్టం వృత్తి వ్యాధుల్లో చేర్చింది. కానీ చేతిలో కాగితం లేనివాడు దేన్ని రుజువు చేస్తాడు?

2010లో ఢిల్లీ మాయాపురిలో ఏం జరిగిందో మరవరాదు. విశ్వవిద్యాలయం వేలంలో అమ్మిన పాత యంత్రాన్ని తుక్కు కార్మికులు విప్పారు. లోపల కోబాల్టు–60 ఉందని వాళ్లకు తెలియదు. ఒక కార్మికుడు ప్రాణం పోగొట్టుకున్నాడు.

కాబట్టి ధార్మికత ఉన్న పని ఏదైనా సరే, దిగేముందు నలుగురూ కలిసి అడగండి: ఈ పనిలో ఏముంది? బ్యాడ్జి ఏది? డోసు కాగితం మా చేతికిస్తారా? నల్లమలలో యురేనియం వద్దని జనం ఒక్కటై నిలిచారు కనుకనే 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వారి పక్షాన తీర్మానం చేసింది. కూలి రేటు ఎట్లా అడుగుతామో, డోసు లెక్కా అట్లాగే అడగాలి.