అధిక్షేపం, అమరుడు, ఆగ్రహం

వ్యంగ్య రచన మీద జనం ఆగ్రహించినప్పుడల్లా మనం రెండు మాటల్లో ఏదో ఒకటి అనేసి ఊరుకోవడానికి అలవాటు పడ్డాం. జనానికి వ్యంగ్యం అర్థం కాదన్నది ఒకటి. రచయితకు బాధ్యత లేదన్నది రెండోది. ఈ రెండూ విమర్శ చెయ్యకుండా తప్పించుకునే మార్గాలే. ఆ వ్యంగ్యం యుద్ధంలో చనిపోయిన సైనికుడి చుట్టూ తిరిగినప్పుడైతే ఇవి బొత్తిగా పనికిరావు. అక్కడ ఒక శవం ఉంది, ఏడ్చే ఇల్లు ఉంది, ఆ ఏడుపును వాడుకునే ప్రభుత్వం ఉంది. వీటిలో దేన్ని చూసి నవ్వామన్నది తేల్చకుండా ఆ రచన మంచిదనీ చెప్పలేం, చెడ్డదనీ చెప్పలేం.

ఇది ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. తార్నాకలో నేనుండే వీధిలో రైల్వే ఉద్యోగుల ఇళ్లతో పాటు ఫౌజు నుంచి రిటైరైన వాళ్ల ఇళ్లు నాలుగైదున్నాయి. ఆ మధ్య ఉస్మానియా క్యాంపస్‌లో ఒక చిన్న సాహిత్య సమావేశానికి వెళ్లాను. తెలుగు ఎం.ఏ. చదువుతున్న విద్యార్థి ఒకతను వ్యంగ్య రచన చదివాడు. సరిహద్దు నుంచి ఒక జవాను శవపేటిక సొంత ఊరికి వస్తుంది. మంత్రిగారు దండ వేసేముందు కెమెరా ఎటుందో చూసుకుంటారు. టీవీ అమ్మాయి తల్లి ముందు మైకు పెట్టి ఇప్పుడు మీకేమనిపిస్తోందని అడుగుతుంది. విగ్రహం ఎన్ని అడుగులుండాలన్న దాని మీద రెండు పార్టీల వాళ్లు తగువు పడతారు. ఇంతవరకు హాలంతా నవ్వింది. చివర్లో పేటికలోని జవాను లేచి కూర్చుని, తాను పోయింది దేశం కోసం కాదనీ, క్యాంటీన్ సరుకుల కోసమనీ చెబుతాడు. గొడవ అక్కడ మొదలైంది. ముగ్గురు నలుగురు లేచి కేకలు వేశారు. కాగితాలు చింపెయ్యమన్నారు. నాతో వచ్చిన మా వీధి మాజీ హవల్దారు మాత్రం కూర్చున్నచోటు నుంచే అడిగాడు:

‘‘బిడ్డా, నువ్వు నవ్వింది ఎవల్ని జూసి? పంపినోళ్లనా, సచ్చినోణ్ణా?’’

‘‘పంపినోళ్లనే తాతా.’’

‘‘మరి ఆఖరికి ఆ మాట సచ్చినోని నోట్ల బెడ్తివేంది?’’

మన లాక్షణికులు వ్యాజస్తుతినీ వ్యాజనిందనూ ఎంతో సూక్ష్మంగా వివరించారు గాని, ఇంత సూటి ప్రశ్న నేను ఏ అలంకార గ్రంథంలోనూ చూడలేదు.

జవాను జీతం కోసం సైన్యంలో చేరాడనడం దానంతటది అవమానం కాదు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. ప్రపంచ యుద్ధాల కాలం నుంచీ దాదాపు ప్రతి ఇంటి నుంచి ఎవరో ఒకరు సైన్యంలో పనిచేస్తున్నందువల్ల దాన్ని మిలటరీ మాధవరం అంటారు. మన ప్రాంతంలో సైన్యం అంటే పొలం చాలని ఇంటి రెండో కొడుక్కి దొరికే ఉద్యోగం, చెల్లెలి పెళ్లికి దారి, ముసలితనంలో పెన్షను. దీన్ని దాచి, సిపాయి అంటే కేవలం దేశభక్తితో చేసిన బొమ్మ అని చూపించేది పాలకవర్గమే. అవసరం కొద్దీ చేరాడు గనక అతని మరణంలో త్యాగం లేదనడం ఇంకో రకం అబద్ధం. నేనూ జీతానికే పాఠం చెబుతాను. అంతమాత్రాన నా పాఠం బూటకమైపోదు గదా. విద్యార్థి రచనలో లోపం వాస్తవం చెప్పడంలో లేదు. పేదరికం వాస్తవమైతే దాన్ని చూసి నవ్వాల్సిన అవసరం ఏమిటన్నదే ప్రశ్న. సరుకుల సంచీని చూసి హాలు నవ్విందంటే, అంతదాకా మంత్రి మీదున్న నవ్వు మనకు తెలియకుండానే పేదవాడి మీదికి జారిందన్నమాట.

మన అధిక్షేప సాహిత్యాన్ని ఈ దృష్టితో ఒకసారి తిరగెయ్యడం మంచిది. 18వ శతాబ్దంలో గోగులపాటి కూర్మనాథకవి సింహాద్రి నారసింహ శతకం రాశాడు. దండెత్తి వచ్చిన సేనలు ఊళ్లూ గుళ్లూ దోచుకుంటుంటే చూస్తూ కూర్చున్నావేమని సాక్షాత్తూ దేవుణ్ని నిలదీశాడు. నీ పౌరుషం ఏమైందని ఎత్తిపొడిచాడు. భద్రగిరి శతకంలో భల్లా పేరకవి చేసిందీ ఇదే. భద్రాచలం రాముడు విల్లు పట్టినవాడై ఉండి కూడా గుడి విడిచి పోవలసి వచ్చిందేమని దెప్పాడు. ఒక రకంగా ఇవి ఓడిపోయిన యోధుడి మీద రాసిన వెక్కిరింతలే. అయినా భక్తులు వాటిని తగలబెట్టలేదు, కంఠతా పట్టారు. వాళ్లకు మనకంటే హాస్యప్రియత్వం ఎక్కువని నేననుకోను. ఆ కవులు తిట్టింది శక్తి ఉండీ కదలనివాణ్ని, జవాబు చెప్పవలసినవాణ్ని. దేవుడికి చేతులున్నాయి, చక్రం ఉంది, విల్లు ఉంది. కనుక తిట్టు తగలవలసినచోటే తగిలింది.

ఇందుకు పూర్తిగా ఎదురు ఖడ్గతిక్కన కథ. కవి తిక్కనకు జ్ఞాతి, నెల్లూరు మనుమసిద్ధి కొలువులో యోధుడు. కాటమరాజుతో పుల్లరి తగువులో జరిగిన యుద్ధం నుంచి వెనుదిరిగి ఇంటికొచ్చినప్పుడు, ఆడవాళ్లకు పెట్టినట్టు మంచం చాటున స్నానానికి నీళ్లూ పసుపుముద్దా పెట్టించి భార్య ఎగతాళి చేసిందనీ, తల్లి విరిగిన పాలు పోసి దెప్పిందనీ చాటువులు చెబుతాయి. అతను తిరిగి వెళ్లి చచ్చిపోయాడు. ఈ కథను మనం తరగతిలో ఎంతో గర్వంగా చెబుతాం. అక్కడా సైనికుడి మీద వెక్కిరింతే ఉంది. కాకపోతే బతికి వచ్చినందుకు వెక్కిరింత. చనిపోయిన సైనికుణ్ని ఎగతాళి చేశారని అగ్గిమీద గుగ్గిలమయ్యే మనం, ఎగతాళి చేసి మరీ ఒకణ్ని చావుకు పంపిన ఈ నవ్వు మీద ఏనాడూ ఆగ్రహించలేదు. అది వీరరసం అనుకున్నాం. ఇదే పాఠం చెబుతుండగా, తండ్రి లదాఖ్‌లో పనిచేస్తున్న తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు నన్ను అడిగాడు: ‘‘వాళ్లమ్మకు ఆయన ఇంటికొస్తే ఇష్టం లేదా సార్?’’

ఇక బ్రెహ్ట్ సంగతి. మొదటి ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో, 1918లో, ఆగ్స్‌బర్గ్ సైనిక ఆసుపత్రిలో అతను వైద్య సహాయకుడిగా పనిచేశాడు. ఆ కాలంలోనే మరణించిన సైనికుడి మీద ఒక గాథ కట్టి, తర్వాత గిటారు పట్టుకుని పాడుకున్నాడు. కథ ఇది. యుద్ధం ఐదో వసంతంలోకి వచ్చినా ఆగదు. సిపాయి విసిగి, వీరమరణం పొంది పడుకుంటాడు. యుద్ధం పూర్తికాకుండా వాడు పోవడం కైజరుకు నచ్చదు. డాక్టర్ల బృందం వెళ్లి శవాన్ని తవ్వి తీసి, పరీక్షించి, డ్యూటీకి పనికొస్తాడని ధృవీకరిస్తుంది. సారా పోస్తారు. కంపు తెలియకుండా పాదిరి ధూపం వేస్తాడు. ముందు బ్యాండు మేళం. శవం గుడ్డల మీద జెండా రంగులు పూసి ఊళ్ల మీదుగా నడిపిస్తారు. చుట్టూ మూగిన గుంపులో అతను ఎవరికీ కనిపించడు. చివరికి మళ్లీ వీరమరణానికే వెళతాడు.

బెర్లిన్ క్యాబరేలో బ్రెహ్ట్ దీన్ని పాడితే పెద్ద రభస జరిగింది. 1935లో నాజీ ప్రభుత్వం అతని పౌరసత్వం రద్దు చేసినప్పుడు చూపిన కారణాల్లో ఈ పాట ఒకటి. సైనికుణ్ని అవమానించాడన్నారు. కాని పాట పొడుగునా ఆ సైనికుడు ఒక్క మాట కూడా మాట్లాడడు. నవ్వు వచ్చేదంతా డాక్టరు సర్టిఫికెట్ దగ్గర, పాదిరి ధూపం దగ్గర, బ్యాండు దగ్గర. శవం చుట్టూ ఇంత హంగామా ఉన్నా శవం మీద మాత్రం ఒక్క నవ్వూ పడదు. మన విద్యార్థి జవానును లేపి మాట్లాడించాడు. బ్రెహ్ట్ లేపాడు గాని నోరు విప్పనియ్యలేదు. శిల్పం అంటే నాకు కనిపించేది ఇలాంటి చోట్లే.

దీనికి పక్కన అమెరికా వ్యంగ్య చిత్రకారుడు టెడ్ రాల్ బొమ్మ పెట్టి చూడండి. ఫుట్‌బాల్ ఆటగాడు పాట్ టిల్మన్ 36 లక్షల డాలర్ల ఒప్పందం కాదని సైన్యంలో చేరి, 2004 ఏప్రిల్ 22న అఫ్ఘానిస్తాన్‌లో చనిపోయాడు. శత్రువు కాల్పుల్లో పోయాడన్నట్టు కథ అల్లి సిల్వర్ స్టార్ పతకం ఇచ్చారు. దేశమంతా ఊగిపోతున్న ఆ రోజుల్లోనే, మే 3న, రాల్ అతన్ని సర్కారు మాట నమ్మి మోసపోయిన మూర్ఖుడిగా బొమ్మ వేశాడు. ఆగ్రహం పెల్లుబికింది; ఒక వార్తాసంస్థ బొమ్మను తీసేసింది. అదే నెల 29న సైన్యమే బయటపెట్టింది: టిల్మన్ బహుశా సొంతవాళ్ల తూటాలకే చనిపోయాడని. అంటే అబద్ధం నిజంగానే ఉంది. అది టిల్మన్ది కాదు, పతకం ఇచ్చినవాళ్లది. రాల్ బాణం సరైన వైపే వదిలాడు గాని, అడ్డంగా పడి ఉన్న శవానికే అది గుచ్చుకుంది.

దూరదేశాల ముచ్చట అనుకోనక్కర్లేదు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చనిపోయిన 20 మంది భారత సైనికుల్లో సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు ఉన్నాడు. తెలుగునేల ఆ వారమంతా నిజంగానే ఏడ్చింది. ఆ రోజుల్లోనే చెన్నై క్రికెట్ జట్టు వైద్యుడొకాయన, వచ్చే శవపేటికల మీద ప్రధాని సహాయనిధి స్టిక్కరు అంటిస్తారా అన్న అర్థంలో ఒక వ్యాఖ్య చేశాడు. జట్టు యాజమాన్యం వెంటనే సస్పెండ్ చేసింది. సైనికులను అవమానించాడని గోల. ఆ వాక్యాన్ని మళ్లీ చదవండి. అందులో ఎగతాళి చేసింది స్టిక్కరును, పేటికను కాదు. సమయం చూసుకోలేదనవచ్చు, గొంతు కటువుగా ఉందనవచ్చు. గురి మాత్రం తప్పలేదు. అయినా క్షణాల్లో ఆ మాటను స్టిక్కరు మీద నుంచి ఒలిచి శవం మీద అతికించారు. ఇలాంటి ఆగ్రహాల్లో తరచు జరిగే పని ఇదే: జవాబు చెప్పవలసినవాడు శవపేటిక చాటుకు పోతాడు, ప్రశ్న వేసినవాడు శవానికి ఎదురుగా నిలబడ్డట్టు కనిపిస్తాడు.

అదే లోయకు అవతలి ఒడ్డున ఏమైందో చెప్పుకోకపోతే మనకు మర్యాద కాదు. చైనా తనవైపు నలుగురు చనిపోయారని 2021 ఫిబ్రవరి దాకా ప్రకటించలేదు. ఆ లెక్కను శంకించి, కమాండరు బతికి బయటపడ్డది పై అధికారి కావడం వల్లేనన్నట్టు రాసిన చ్యూ జుమింగ్‌కు ఎనిమిది నెలల జైలు వేశారు. వీరులను కించపరిస్తే మూడేళ్లదాకా శిక్ష వేసే సవరణ అమల్లోకి వచ్చింది మార్చి 1న. అతను రాసింది ఫిబ్రవరిలో! ఆ తర్వాత లువో ఛాంగ్‌పింగ్ అనే పాత్రికేయుడి వంతు. 1950లో కొరియా యుద్ధంలో ఛాంగ్‌జిన్ సరస్సు దగ్గర కాపలా స్థానాల్లోనే గడ్డకట్టి చనిపోయిన దళాన్ని అక్కడ ‘మంచు శిల్పాల దళం’ అంటారు. అతను ఒక్క అక్షరం మార్చి ‘ఇసుక శిల్పాల దళం’ అన్నాడు. వాడుకలో ఆ మాటకు తెలివితక్కువవాళ్లని అర్థం. పైవాళ్ల నిర్ణయాన్ని వాళ్లు శంకించలేదట. 2022 మేలో ఏడు నెలల శిక్ష పడింది.

సోషలిస్టు దేశమని చెప్పుకునేచోట జరిగింది గనక మనం చూడనట్టు నటించలేం. ఆ శిక్ష అన్యాయం. ఆ శ్లేష కూడా చెడ్డ శ్లేషే. యుద్ధానికి పంపిన నాయకత్వాన్ని ప్రశ్నించబోయి, చలికి కొయ్యబారి చచ్చిన పేద రైతు బిడ్డలను తెలివితక్కువవాళ్లన్నాడు. ఈ రెండు మాటలూ ఒకేసారి అనడం విమర్శకుడికి సాధ్యం కావాలి. జైలు వేశారు గనక శ్లేష గొప్పదైపోదు. శ్లేష చెడ్డది గనక జైలు సబబైపోదు.

రాసేవాళ్లకు పనికొచ్చేది ఇంకొకటుంది. మన పత్రికల్లో సైనికుడు ‘చనిపోడు’. నేలకొరుగుతాడు, అసువులు బాస్తాడు, వీరమరణం పొందుతాడు. ఊరు ‘అశ్రునయనాలతో’ వీడ్కోలు చెబుతుంది. అంత్యక్రియలు ‘అధికార లాంఛనాలతో’ ముగుస్తాయి. ఈ వాక్యాల్లో కర్త ఎప్పుడూ చనిపోయినవాడే. పంపినవాడు వ్యాకరణంలోనే ఉండడు. అధిక్షేపం రాయదలిచినవాడికి ముడిసరుకు ఇక్కడుంది. మా హవల్దారు అడిగిందీ దాదాపు ఇదే.

చివరిగా మన ఇంటి సంగతి. ‘అమరుడు’ అన్న మాట సైన్యానికే పరిమితం కాదు. 1969లో తెలంగాణ కోసం ప్రాణాలిచ్చిన 369 మంది జ్ఞాపకంగా గన్ పార్కులో స్తూపం ఉంది. 2023లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున పెద్ద స్మారకం వెలిసింది. 1972లో హత్యకు గురైన జార్జిరెడ్డిని ఉస్మానియాలో ఇవాళ్టికీ తలుచుకుంటారు. ఈ పేర్ల చుట్టూ జరిగే మన సభల మీద ఎవరైనా అధిక్షేపం రాస్తే మన ఆగ్రహం ఎలా ఉంటుందో నాకు కొంత అనుభవం. ఒక యువ రచయిత్రి రాసిన స్కెచ్ నా దగ్గరుంది. అమరుల సంస్మరణ సభ. ప్రధాన వక్త గంటసేపు మాట్లాడతాడు, అమరుడి పేరు రెండుసార్లు తప్పు పలుకుతాడు. తల్లిని ముందు వరసలో కూర్చోబెట్టి శాలువా కప్పుతారు గాని మైకు ఇవ్వరు. ఆమె లేచి వెళ్లిపోయినా ఎవరూ గమనించరు. ఇందులో చనిపోయినవాడి మీద ఒక్క నవ్వు లేదు, తల్లి మీద లేదు. వేదిక మీదున్న మనవాళ్ల మీద మాత్రం చాలా ఉంది. అచ్చు వెయ్యమని సంపాదకులకు పంపాను. ఉద్యమాన్ని కించపరుస్తుందని ఇద్దరు మిత్రులు అభ్యంతరం చెప్పారు. ముందు అది అచ్చుకానివ్వండి, మీ అభ్యంతరం తర్వాతి సంచికకు రాయండి అన్నాను. వాళ్లింకా ఒప్పుకోలేదు.