తినే కంచం, తాగే గ్లాసు

(రేడియో స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



బజారుకెళితే వంకాయ పుచ్చుందేమోనని తిప్పి తిప్పి చూస్తాం. బియ్యంలో రాళ్ళున్నాయా, నూనెలో కల్తీ ఉందా అని వెయ్యి కళ్ళతో చూస్తాం. ఇంతా చేసి, వండిన పదార్థాన్ని దేంట్లో వడ్డిస్తున్నామో మాత్రం అట్టే ఆలోచించం. చేతికి ఏ గిన్నె అందితే ఆ గిన్నె. తళతళ మెరుస్తుంటే చాలు, మంచిదనే లెక్క. కిందటి ఎండాకాలం దాకా నేనూ అలాగే ఉండేదాన్ని. ఆ సంగతి ముందు చెప్పి తర్వాత విషయంలోకి వస్తాను.

ఈమధ్య ఇత్తడి, రాగి, కంచు సామాన్ల మీద మళ్ళీ అందరికీ మోజు పెరిగింది కదా. నేనూ అటకెక్కించిన మా అత్తగారి ఇత్తడి సామాను కిందికి దింపాను. ఒక పెద్ద చెంబు, నాలుగు గ్లాసులు, రెండు గిన్నెలు. చింతపండు పెట్టి ఒక పూటంతా తోమితే బంగారంలా మెరిశాయి. ఆ ఆదివారం మా ఆడపడుచు పిల్లల్ని తీసుకుని వచ్చింది. నేను పొద్దున్నే మజ్జిగ చిలికి, నిమ్మకాయ పిండి, ఉప్పూ అల్లమూ కరివేపాకూ వేసి ఆ చెంబులోనే పోసి మూత పెట్టాను. మా అత్తగారు పూజలో ఉండి చూడలేదు. మిట్టమధ్యాహ్నం ఎండన పడి వచ్చిన పిల్లలకి ఆ గ్లాసుల్లోనే పోసి ఇచ్చాను. పెద్దవాడు ఒక గుక్క తాగి, "అత్తా, ఇదేంటి ఇనుము నాకినట్టుంది?" అన్నాడు. "అల్లం ఘాటురా, తాగు" అన్నాను. పాపం తాగాడు. అరగంట తిరక్కుండా ఇద్దరికీ వాంతులు. చిన్నదానికి కడుపులో మెలిపెట్టే నొప్పి. ఆటో ఎక్కించి డాక్టరు గారి దగ్గరికి పరుగెత్తాం. ఆయన అన్నీ విని, "మజ్జిగ దేంట్లో పెట్టారమ్మా?" అని అడిగేసరికి నాకు నోట మాట రాలేదు.

సాయంత్రానికి పిల్లలు తేరుకున్నారు. ఇంటికొచ్చాక మా అత్తగారు చెంబులో చెయ్యి పెట్టి తడిమి, "కళాయి ఏదే దీనికి? కళాయి లేని చెంబులో పుల్లమజ్జిగ పోస్తారటే ఎవరైనా?" అన్నారు. మా ఆడపడుచు మాత్రం ఒక్క మాట అనలేదు. ఏదైనా అని ఉంటేనే నయమనిపించింది.

ఇంతకీ జరిగిందేమిటంటే, ఇత్తడి రాగి, తుత్తునాగం కలిసిన లోహం. తుత్తునాగం అంటే జింకు. పులుపు తగిలితే ఈ రెండూ కొద్దికొద్దిగా కరుగుతాయి. నిమ్మరసం పులుపు, మజ్జిగ పులుపు, చింతపండు పులుపు వేరువేరు ఆమ్లాలే అయినా ఈ విషయంలో అన్నీ ఒకటే. చింతపండుతో తోమితే ఇత్తడి ఎందుకు మెరుస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? పైనున్న నల్లటి మకిలిని ఆ పులుపు కరిగించేస్తుంది, లోపలి కొత్త లోహం బయటపడుతుంది. తోమేటప్పుడు చింతపండు చేసే పనే, గిన్నెలో పోస్తే పులుసూ చేస్తుంది. తోమినప్పుడు కరిగింది తూములోకి పోతుంది, వడ్డించినప్పుడు కరిగింది మన కడుపులోకి పోతుంది. అలా కరిగిన రాగి పోగుపడితే కడుపు ఓర్చుకోదు, వెంటనే బయటికి నెట్టేస్తుంది. మా పిల్లలకి వచ్చిన వాంతులు అవే.

మన పెద్దవాళ్ళకి ఈ రసాయనశాస్త్రం తెలియకపోయినా పద్ధతి తెలుసు. పులుసుకి రాచ్చిప్ప, పెరుగుకి మట్టి పిడత, ఊరగాయకి జాడీ. ఇత్తడి గిన్నె వాడాలంటే లోపల కళాయి ఉండాల్సిందే. కళాయి అంటే తగరం పూత. గిన్నెను బాగా కాల్చి, నవసాగరం పొడి చల్లి, తగరం కడ్డీ ఆనించి దూదితో గిరగిరా రుద్దుతారు. తెల్లటి పొగ లేచి, చూస్తుండగానే గిన్నె లోపల వెండిలా అయిపోతుంది. చిన్నప్పుడు మా వీధిలోకి కళాయి వేసే సాయిబు వస్తే పిల్లలమంతా చుట్టూ చేరేవాళ్ళం. ఇప్పుడు వాళ్ళు అరుదైపోయారు గాని పాత బజార్లలో అడిగితే దొరుకుతారు. తగరం 232 డిగ్రీల వేడికే కరిగిపోతుంది. కాబట్టి కళాయి గిన్నెను ఖాళీగా పొయ్యి మీద పెట్టకూడదు. ఇటుకపొడి, ఇనుప పీచు తగలనివ్వకూడదు. లోపల ఎక్కడైనా పచ్చగా ఇత్తడి కనిపించిందంటే కళాయి పోయినట్టే. వేయించేటప్పుడు "అచ్చమైన తగరమేనా?" అని గట్టిగా అడగండి. చవకగా తెమలాలని సీసం కలిపేవాళ్ళుంటారు. సీసం పిల్లల మెదడుకి చేటు, పైగా వాంతులు కూడా కావు గనక తెలియకుండానే ఒంట్లో చేరిపోతుంది.

కంచు సంగతి కొంత నయం. రాగి ముప్పాతిక వంతు పైన, మిగతాది తగరం కలిపి చేస్తారు. కంచు కంచంలో వేడన్నం, పప్పు, నెయ్యి హాయిగా తినవచ్చు. మన శ్రీకాకుళం జిల్లా బుడితి కంచు, ఇత్తడి పనికి పేరుపడ్డ ఊరు. గోదావరి సీమలో అజ్జరం ఇత్తడి సామాన్లకు పేరు. కొనేటప్పుడు కంచాన్ని వేలి మీద నిలిపి గోటితో కొట్టండి. కంచయితే ఖంగుమని మోగి చాలాసేపు ఆ మోత నిలుస్తుంది. ఇత్తడి మోత తొందరగా ఆగిపోతుంది. కంచు కిందపడితే పగులుతుందని మాత్రం మరిచిపోకండి. అందులోనూ రాగే ఎక్కువ గనక పులుసన్నం, పెరుగన్నం కలుపుకుని తినేసి వెంటనే కడిగేయాలి. మిగిలిందని మూతపెట్టి సాయంత్రం దాకా ఉంచకూడదు.

రాగి సీసాల గురించి ఒక్క మాట. రాత్రి నీళ్ళు పోసి ఉంచితే విరేచనాలు కలిగించే కొన్ని రకాల క్రిములు చస్తాయని పరిశోధనల్లో తేలిన మాట నిజమే. అలాగని అందులో నిమ్మకాయ నీళ్ళు పోసి పిల్లల్ని బడికి పంపకండి. తాగే నీళ్ళలో లీటరుకి 2 మిల్లీగ్రాములకి మించి రాగి ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మంచినీళ్ళు పోయండి, మర్నాడు తాగేయండి, సీసా కడగండి. అంతే.

ఇక నిత్యం మనం తినేది స్టీలు కంచాల్లోనే. ఇనుములో క్రోమియం కనీసం పదిన్నర శాతం కలిస్తే పైన కంటికి కనపడని సన్నటి పొర ఒకటి ఏర్పడుతుంది. తుప్పు పట్టనివ్వనిదీ, పులుపుకి లొంగనిదీ ఆ పొరే. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హారీ బ్రియర్లీ అనే ఆయన తుపాకీ గొట్టాలు అరగకుండా ఉండే ఉక్కు కోసం వెతుకుతూ ఇలాంటి స్టీలు తయారు చేశాడు. తుపాకీ కోసం మొదలైంది చివరికి మన వంటింటికి వచ్చింది!

స్టీలంతా ఒకటి కాదు. కొట్టువాణ్ణి అడిగితే 304 అనీ, 202 అనీ చెబుతాడు. 304లో క్రోమియం 18, నికెల్ 8 శాతం చొప్పున ఉంటాయి. ఉప్పూ పులుపూ బాగా తట్టుకుంటుంది. 202లో ఖరీదైన నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు. చవక. తిని కడిగేసే కంచాలకి ఫర్వాలేదు గాని, పులుసులు, పచ్చళ్ళు నిలవ ఉంచే డబ్బాలకి 304 తీసుకోవడమే మంచిది. అయస్కాంతం అంటుకోకపోతే మేలైన స్టీలని అందరూ అంటుంటారు. అది సగం నిజమే. 202కి కూడా అయస్కాంతం సాధారణంగా అంటుకోదు. కాబట్టి గిన్నె అడుగున రకం ముద్ర ఉందో లేదో చూడండి, బిల్లు మీద రాయించుకోండి. పాత చీరలకి గిన్నెలు మార్చే ఆవిడ దగ్గర తీసుకునే కంచాలుంటాయే, నొక్కితే సొట్టపడేవి, వాటిని పిల్లలకి ఆటసామానుగా ఇవ్వడం మేలు. నాలుగు పట్టుచీరలు ఆవిడకి సమర్పించుకున్నాక తెలిసిన జ్ఞానమిది.

అన్నిటికన్నా ముందు అంచు చూడాలి. కంచం అంచు లోపల సందు మిగిలేలా మడిచి ఉంటే ఆ సందులో జిడ్డు చేరి ఎంత తోమినా పోదు. గోరు పెట్టి చుట్టూ తిప్పితే తెలిసిపోతుంది. గళ్ళ కంచాల మూలలు కూడా అంతే. మనకి గిన్నెల మీద పేర్లు చెక్కించడం సరదా కదా! చెక్కించండి, కాని లోపలివైపు వద్దు. ఆ చుక్కల గుంటల్లో మురికి పేరుకుంటుంది. కొత్త స్టీలు గిన్నెలో వేలు పెట్టి రాస్తే నల్లగా వస్తుంది. అది పాలిషు మడ్డి. కాస్త నూనె రాసి గుడ్డతో తుడిచి, తర్వాత సబ్బూ వేడినీళ్ళూ పెట్టి కడగండి. నల్లదనం ఆగేదాకా రెండు మూడుసార్లు చెయ్యాలి.

మెలమైన్ ప్లేట్లు పింగాణీలా ముచ్చటగా ఉంటాయి, పిల్లలు పడేసినా పగలవు. కాని పొగలు కక్కే సాంబారు, వేడి పులుసు వాటిల్లో పోయవద్దు. 70 డిగ్రీలు దాటిన వేడికి ఆ పదార్థంలోంచి మెలమైన్, ఫార్మాల్డిహైడ్ తిండిలోకి దిగుతాయి. చల్లారిన ఫలహారాలకి వాడుకోండి. గీతలు పడి, మెరుపు పోయి, పసుపు మరకలు నిలిచిపోయిన ప్లేటుని మొహమాటం లేకుండా తీసేయండి. పింగాణీ మంచిదే. తిండి తగిలేచోట ముదురు రంగుల బొమ్మలు లేనిది తీసుకోండి. సత్తు కంచాలు, అంటే ఇప్పుడు మనం సత్తు అంటున్న అల్యూమినియం, పులుపుకీ ఉప్పుకీ గుంటలు పడతాయి గనక తినడానికి వద్దనే నా సలహా.

ఇక అంట్ల సంగతి. తోమడంలో బలం కన్నా వరస ముఖ్యం. ఎంగిలి కంచాలు తీయగానే మెతుకులు దులిపి నీళ్ళు చల్లి పెడితే సగం పని అయినట్టే. ఎండిపోయాక బరబరా గీకాలి, గీకితే గీతలు, గీతల్లో మళ్ళీ మురికి. ముందు గ్లాసులు, తర్వాత పాల గిన్నెలు, ఆ తర్వాత కంచాలు, ఆఖరున జిడ్డు మూకుళ్ళు. మూకుడు ముందు తోమిన పీచుతో గ్లాసు తోమితే ఆ గ్లాసులో మంచినీళ్ళు జిడ్డు వాసనేస్తాయి. పాల గ్లాసులు, గుడ్డు తిన్న ప్లేట్లు ముందు చన్నీళ్ళతో కడగండి. వేడినీళ్ళు పోస్తే పాల మీగడా, గుడ్డూ ఉడికి మరింత అంటుకుంటాయి. నెయ్యీ నూనే ఉన్నవాటికి మాత్రం వేడినీళ్ళే కావాలి.

స్టీలుకి కొబ్బరిపీచు గాని మెత్తటి స్పాంజి గాని చాలు. ఇనుప పీచు రజను గిన్నెకి అంటుకుని తుప్పు పడుతుంది. మనం "స్టీలు తుప్పు పట్టిందే" అని కొట్టువాణ్ణి తిట్టుకుంటాం. ఉప్పునీళ్ళు, ఊరగాయ ముద్దలు రాత్రంతా కంచంలో వదిలేస్తే సూదితో పొడిచినట్టు చిన్న గుంటలు పడతాయి. బట్టలకి వాడే బ్లీచింగు నీళ్ళూ అంతే చేస్తాయి. మన బోరు నీళ్ళకి గ్లాసులకి పట్టే తెల్ల పొర ఎంత సబ్బు పెట్టినా వదలదు. అది మురికి కాదు, సున్నం. పిండేసిన నిమ్మచెక్కతో రుద్ది కాసేపుంచి కడిగితే పోతుంది. చూశారా, ఇత్తడి లోపల చేటు చేసిన నిమ్మకాయే ఇక్కడ ఉపకారి!

బూడిదతో తోమేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కట్టెల బూడిదలో ఉండే క్షారం జిడ్డుతో కలిసి సబ్బులాగే పనిచేస్తుంది, అందుకే మన అమ్మమ్మల గిన్నెలు అంత శుభ్రంగా ఉండేవి. మట్టీ ఇసుకా మాత్రం వద్దు. గీతలు పడతాయి, నేలలోని క్రిములూ వస్తాయి. బూడిదైనా, సబ్బైనా, జారుడు పోయేదాకా పారే నీళ్ళకింద కడగాలి. పని తొందరలో ఒక్క ముంచుతో సరిపెట్టే అమ్మాయి పక్కన రెండు రోజులు నిలబడి చూపించండి. కోప్పడితే ఆ పూటకే బాగా కడుగుతుంది.

చివరిగా, తడి. కడిగిన కంచాలు ఒకదాంట్లో ఒకటి తడిగా పేర్చి పెడితే మనం పడ్డ శ్రమంతా వృథా. జాలీ బుట్టలో ఏటవాలుగా నిలబెట్టి, గ్లాసులు బోర్లించి ఆరనివ్వండి. పొద్దుట్నుంచీ చేతులు తుడుచుకున్న గుడ్డతోనే కంచాలు తుడిచేకన్నా ఆరబెట్టడమే నయం. స్పాంజిని కూడా పిండి గాలికి పెట్టండి, వాసన రాకముందే మార్చేయండి.

మా అత్తగారి చెంబుకి కళాయి పోయించాను. పాత బజారులో అడిగీ అడిగీ ఒక పెద్దాయన్ని పట్టుకున్నాం. అయినా అందులో మంచినీళ్ళు తప్ప మరోటి పోయడానికి నాకు చెయ్యి రావడం లేదు. మొన్న సంక్రాంతికి మా ఆడపడుచు పిల్లలు వచ్చారు. పెద్దవాడు తిన్నగా వంటింట్లోకి వచ్చి, అల్మారా తీసి, స్టీలు గ్లాసు తనే తెచ్చుకుని, "అత్తా, ఇందులో పొయ్యి" అన్నాడు.