హైదరాబాదును ఒక్క దినములో చూచుట

హైదరాబాదును చూడబోవువారు సాధారణముగా చార్మినారుతో మొదలుపెట్టి, ప్రొద్దు వాలిన పిమ్మట గోలకొండకు చేరి, అలసిన కాళ్లతో కొండ నెక్కుదురు. ఈ క్రమము మాకు సమ్మతము గాదు. నగరము పుట్టిన వరుసను బట్టియే చూచిన యెడల, ఒక కట్టడము మఱియొకదానికి కారణము చెప్పును. కావుననే మేము విద్యార్థులతో తెల్లవారుసరికి గోలకొండ చేరితిమి.

కాకతీయులనాటి మట్టికోట యుండిన యీ కొండపై, 1518లో సుల్తాన్ కులీ కుతుబ్ షా రాజ్యమును నెలకొల్పెను. పిల్లలలో సగముమందిని క్రింద బాలాహిస్సారు ద్వారముకడ నిలిపి, తక్కినవారితో మేము మూడువందలకు పైగా మెట్లెక్కితిమి. క్రింద చప్పట్లు చరచగా పైన స్పష్టముగా వినవచ్చెను. ద్వారముపై నున్న వంపు కప్పు శబ్దమును చెదరనీయక పోగుచేసి పైకి పంపును. వచ్చువారి వార్తను కావలివారు పైకి తెలుపుటకు ఇది ఉపకరించెనందురు. దుర్గము చెరువునుండి మట్టిగొట్టములలో వచ్చిన నీటిని చక్రములతో మెట్టుమెట్టుగా కొండపైకి ఎత్తిన విధమును మేము అంతకన్న మిన్నగా మెచ్చుకొంటిమి. రామదాసు బంధింపబడెనని చెప్పు చీకటికొట్టును గూడ చూచితిమి. గోడలపై సందర్శకులు చెక్కిన పేర్లు వందలకొలది కలవు. నాలుగు శతాబ్దులు నిలిచిన సున్నపుపూత మేకు మొనకు క్షణములో రాలిపోవుననియు, దానిని మరల అతికింపలేమనియు పిల్లలకు చూపి చెప్పితిమి.

సమీపముననే కుతుబ్ షాహీల సమాధులు కలవు. కడపటి సుల్తాను అబుల్ హసను సమాధి మాత్ర మచ్చట లేదు. 1687లో ఎనిమిది మాసముల ముట్టడి పిమ్మట కోట మొగలుల వశము కాగా, అతడు దౌలతాబాదున బందీయై మరణించెను.

కోటలో జనము పెరిగి, నీరు చాలకపోవుటచే రాజధాని మూసీ దరికి జరిగెనని చరిత్రకారులు చెప్పుదురు. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించిన ఇరువది రెండు కమానుల పురానాపూల్ ఆ దారినే చూపుచున్నది. తెలుగు కవులు మల్కిభరాముడని కొనియాడినది ఈ ఇబ్రహీమునే. అతని కుమారుడు మహమ్మదు కులీ 1591లో నదికి దక్షిణమున చార్మినారును నిలిపి, నాలుగు దిక్కులకు నాలుగు వీథులు తీర్చెను. దానిమీది గడియారములు 1889నాటివి. ప్రక్కనున్న మక్కా మసీదును 1617లో కుతుబ్ షాహీలు ఆరంభింపగా, వారిని జయించిన ఔరంగజేబే 1694లో ముగించెను.

సాయంకాలము అఫ్జల్ గంజు వైపున నది దాటి, ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణమునకు వెళ్లితిమి. ఏ నీటికొఱకు నగర మిచ్చటికి వచ్చెనో, ఆ నీరే 1908 సెప్టెంబరు 28వ తేదీన వేలమందిని పొట్టను పెట్టుకొన్నది. నాడు ఇచ్చటి చింతచెట్టు నెక్కి సుమారు నూటయేబదిమంది బ్రతికిరి. అటుపిమ్మట వరదను ఆపుటకును, త్రాగునీటికిని, 1920లో ఉస్మాన్ సాగరమును, 1927లో హిమాయత్ సాగరమును పూర్తిచేసిరి. పిల్లలు దినమంతయు చూచిన గుమ్మటములను విడిచి, ఆ చెట్టును గూర్చియే దారిపొడుగున ప్రశ్నలడిగిరి.