కెప్టెన్ బాయిల్ పాత్రధారి బారీ ఫిట్జ్‌జెరాల్డ్

బారీ ఫిట్జ్‌జెరాల్డ్ అసలు పేరు విలియం జోసెఫ్ షీల్డ్స్. 1888 మార్చి 10న డబ్లిన్‌లో, ఒక ప్రొటెస్టెంట్ కుటుంబంలో పుట్టాడు. ఐర్లండ్ అప్పటికి ఇంకా బ్రిటిష్ పాలనలోనే ఉంది. చదువయ్యాక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా కుదురుకున్నాడు. నలభై ఏళ్లు దాటేదాకా ఆ కొలువు విడిచిపెట్టలేదు. పగలు దస్త్రాలు, రాత్రి నాటకాలు. ఉద్యోగానికి చిక్కు రాకుండా రంగస్థలానికి మాత్రం వేరే పేరు పెట్టుకున్నాడు. లోకం ఆ పేరునే గుర్తుంచుకుంది.

ఆయన వేషాలు కట్టింది అబీ థియేటర్‌లో. కవి డబ్ల్యు.బి. యేట్స్, లేడీ గ్రెగరీ తదితరుల చొరవతో 1904 డిసెంబరులో డబ్లిన్‌లో తలుపులు తెరిచిన నాటకశాల అది. ఐరిష్ వాళ్లను లండన్ రంగస్థలం చాలాకాలం తాగుబోతు విదూషకులుగానే చూపించేది. తమ మనుషుల్ని, తమ మాటతీరును తామే వేదిక మీదికి తెచ్చుకోవాలన్నది అబీ వాళ్ల పట్టుదల. అక్కడి నటుల్లో చాలామంది ఫిట్జ్‌జెరాల్డ్ లాగే పొట్టకూటికి వేరే పని చేసుకుంటూ వచ్చినవాళ్లు. గొంతు చించుకోవడం, చేతులు విసరడం అక్కడ లేవు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు నిశ్చలంగా నిలబడి వినేవారు. ఎదుటివాడి మాట వింటూనే నటించే ఈ పద్ధతి ఆయనకు ఒంటబట్టింది. తర్వాత సినిమాల్లోనూ ఆయనను నిలబెట్టింది ఇదే. తమ్ముడు ఆర్థర్ షీల్డ్స్ కూడా అబీ నటుడే. బ్రిటిష్ పాలన మీద జరిగిన 1916 ఈస్టర్ తిరుగుబాటులో తుపాకీ పట్టి పోరాడి, వేల్స్‌లోని ఫ్రాంగాక్ శిబిరంలో బందీగా ఉండి వచ్చాడు.

మొదట్లో ఫిట్జ్‌జెరాల్డ్‌కు దక్కినవి చిన్న వేషాలే. ఆయనలోని నటుణ్ణి పూర్తిగా బయటికి తెచ్చింది షాన్ ఓకేసీ అనే రచయిత. ఓకేసీ డబ్లిన్‌లో కూలిపని చేసి బతికినవాడు. ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం కిక్కిరిసి ఉండే పాత మేడల జీవితం ఆయనకు బాగా తెలుసు. 1924 మార్చిలో ఆడిన ఆయన నాటకం ‘జూనో అండ్ ద పేకాక్’లో ఫిట్జ్‌జెరాల్డ్ కెప్టెన్ బాయిల్ వేషం వేశాడు. బాయిల్ పేరుకే కెప్టెన్. బొగ్గు పడవలో లివర్‌పూల్‌కు వెళ్లిరావడం తప్ప సముద్రం ఎరగడు. మహాసముద్రాలు చుట్టివచ్చినట్టు కోతలు మాత్రం కోస్తాడు. పని మాట ఎత్తితే చాలు, కాళ్ల నొప్పులంటాడు. భార్య జూనో రెక్కలు ముక్కలు చేసుకుని ఇల్లు నడుపుతుంటే, ఆయన జాక్సర్ అనే సోమరి స్నేహితుడితో కలిసి సారా దుకాణం చుట్టూ తిరుగుతుంటాడు. కథాకాలం 1922, ఐరిష్ అంతర్యుద్ధం రోజులు. కొడుకు హతుడై, కుటుంబం చెదిరిపోయాక కూడా బాయిల్‌కు ఏమీ తెలియదు. తాగి తూలుతూ, లోకం పాడైపోయిందని వాపోతుంటాడు. అదే చివరి దృశ్యం. ప్రేక్షకుడు నవ్వుతూనే ఆ మనిషిని చూసి భయపడాలి. నవ్వు ఎక్కువైతే విషాదం తేలిపోతుంది, కఠినంగా ఆడితే నాటకం చచ్చిపోతుంది. ఈ రెంటి మధ్యా ఫిట్జ్‌జెరాల్డ్ పట్టు తప్పలేదు. జూనోగా సారా ఆల్‌గుడ్, జాక్సర్‌గా ఎఫ్.జె. మెకార్మిక్ ఆయనకు దీటుగా నటించారు. బాయిల్ వేషానికి ఆయన కొలమానమయ్యాడు.

రెండేళ్ల తర్వాత, 1926 ఫిబ్రవరిలో, ఓకేసీ ‘ద ప్లౌ అండ్ ద స్టార్స్’ వచ్చింది. ఈస్టర్ తిరుగుబాటును వీరగాథగా కాక, తుపాకుల మధ్య చిక్కుకున్న పేదల కళ్లతో చూపిన నాటకం. అమరుల్ని అవమానించారంటూ నాలుగో రోజు ప్రేక్షకుల్లో కొందరు గొడవకు దిగి వేదిక మీదికి దూసుకొచ్చారు. యేట్స్ స్వయంగా వచ్చి వాళ్లను మందలించాడు. అందులో ఫ్లూథర్ గుడ్ అనే వడ్రంగి వేషం ఫిట్జ్‌జెరాల్డ్‌ది. ఫ్లూథర్ తాగుబోతు, వాదులాటల మనిషి, కానీ ఆపద వేళ పక్కింటివాళ్ల కోసం గుళ్ల మధ్యకు వెళ్లగలడు.

1928లో ఓకేసీ తర్వాతి నాటకం ‘ద సిల్వర్ టాసీ’ని అబీ తిరస్కరించింది. మరుసటి ఏడు లండన్‌లో చార్లెస్ లాటన్ ముఖ్యపాత్రధారిగా దాన్ని ప్రదర్శించినప్పుడు ఫిట్జ్‌జెరాల్డ్ అందులో నటించాడు. గుమాస్తాగిరికి స్వస్తి చెప్పి పూర్తిస్థాయి నటుడైంది అప్పుడే. అప్పటికి ఆయనకు 41 ఏళ్లు.

‘జూనో’ను 1930లో ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ సినిమాగా తీశాడు. బాయిల్ వేషం మాత్రం ఎడ్వర్డ్ చాప్‌మన్‌కు ఇచ్చి, ఫిట్జ్‌జెరాల్డ్‌ను ఉపన్యాసకుడి చిన్న పాత్రకు పరిమితం చేశాడు. ఆయన జీవితంలోకెల్లా గొప్ప వేషం ఈ విధంగా సినిమాకు ఎక్కకుండా పోయింది. తీరని నష్టమిది.

అబీ బృందంతో కలిసి అమెరికాలో పర్యటించాక, 1936లో దర్శకుడు జాన్ ఫోర్డ్ ‘ద ప్లౌ అండ్ ద స్టార్స్’ తీస్తూ ఆయనను, తమ్ముణ్ణి, మరికొందరు అబీ నటుల్ని హాలీవుడ్‌కు పిలిపించాడు. ఫ్లూథర్ అలా తెరకెక్కాడు. ఫిట్జ్‌జెరాల్డ్ అక్కడే ఉండిపోయాడు. ‘బ్రింగింగ్ అప్ బేబీ’లో తోటమాలి, ‘ద లాంగ్ వాయేజ్ హోమ్’లో నావికుడు వంటి చిన్న పాత్రలు వేశాడు.

1944లో లియో మెకారీ తీసిన ‘గోయింగ్ మై వే’తో దశ తిరిగింది. చర్చి బాధ్యతలు చక్కబెట్టడానికి బింగ్ క్రాస్బీ పోషించిన కుర్ర ఫాదర్ వస్తాడు. పెత్తనం చేజారుతోందని గ్రహించే వృద్ధ ఫాదర్ ఫిట్జ్‌గిబ్బన్‌గా ఫిట్జ్‌జెరాల్డ్ నటించాడు. ముసలితనపు చాదస్తం, అభిమానం, బిడియం అన్నీ చిన్న చిన్న కదలికలతోనే చూపాడు. కొన్ని దశాబ్దాల తర్వాత తల్లిని కలుసుకునే చివరి ఘట్టంలో ఆయనకు మాటల అవసరమే పడలేదు. క్యాథలిక్ ఫాదర్‌గా అమెరికా గుండెల్లో నిలిచిన ఈయన ప్రొటెస్టెంట్ అన్నది చాలామందికి తట్టని సంగతి.

ఆ ఒక్క పాత్రకే ఉత్తమ నటుడు, ఉత్తమ సహాయ నటుడు విభాగాలు రెంటిలోనూ ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ మరే నటుడికీ ఇలా జరగలేదు. మళ్లీ జరగకుండా అకాడమీ నిబంధనలు మార్చింది. ఉత్తమ నటుడి అవార్డు క్రాస్బీకి, సహాయ నటుడిది ఫిట్జ్‌జెరాల్డ్‌కు దక్కాయి. యుద్ధకాలం కావడంతో ప్రతిమను ప్లాస్టర్‌తో చేశారు. ఇంట్లో గోల్ఫ్ సాధన చేస్తుండగా కర్ర తగిలి దాని తల ఊడిపోయింది.

తర్వాత ముఖ్యపాత్రలు వచ్చాయి. 1945లో అగాథా క్రిస్టీ కథతో రెనే క్లెయిర్ తీసిన ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’లో జడ్జిగా, 1948లో జూల్స్ డాసిన్ న్యూయార్క్ వీధుల్లోనే చిత్రీకరించిన ‘ద నేకెడ్ సిటీ’లో పోలీసు అధికారి మల్డూన్‌గా నటించాడు. హాలీవుడ్ ఆయనను తరచూ ముచ్చటైన ఐరిష్ ముసలాయన మూసలో పోసింది. మల్డూన్‌లో మాత్రం ఆ తియ్యదనం వెనక చురుకైన బుద్ధి కనిపిస్తుంది.

1952లో విడుదలైన ‘ద క్వయెట్ మ్యాన్’ కోసం ఫోర్డ్ ఐర్లండ్ పడమటి ప్రాంతంలోని కాంగ్ ఊరికి వెళ్లాడు. పెళ్లిళ్ల పేరయ్య మికలీన్ ఓగ్ ఫ్లిన్‌గా ఫిట్జ్‌జెరాల్డ్, ప్రొటెస్టెంట్ మతగురువుగా తమ్ముడు ఆర్థర్ నటించారు. మూస ఐరిష్ బొమ్మను తీర్చిదిద్దారని ఈ సినిమాను తప్పుపట్టినవాళ్లున్నారు. అందులో నిజముంది. అయినా సగం నోటితో, సగం కనుబొమలతో ఫ్లిన్ పలికే తీరులో పాత అబీ పనితనం పదిలంగా ఉంది.

చివరి సినిమా, ఐర్లండ్‌లో తీసిన ‘బ్రాత్ ఆఫ్ ఎ బాయ్’, 1959లో వచ్చింది. ప్రపంచంలోకెల్లా వృద్ధుడైన పల్లెటూరి మనిషి వేషం అందులో ఆయనది. ఆ తర్వాత డబ్లిన్‌లోనే ఉండిపోయాడు. 1961 జనవరిలో, 72 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. డీన్స్‌గ్రేంజ్ శ్మశానవాటికలో ఖననం చేశారు.